అంబర్ వ్యాలీలో పట్టా తెచ్చుకోవడమంటే

కెనడాలోని అల్బర్టాలో, అథబాస్కా పట్టణానికి తూర్పున సుమారు 20 కిలోమీటర్ల దూరంలో అంబర్ వ్యాలీ ఉంది. అమెరికాలోని ఒక్లహోమా నుంచి వచ్చిన నల్లజాతి రైతులు కట్టుకున్న ఊరది. 1907లో ఒక్లహోమా రాష్ట్రమవగానే రైళ్లలో వాళ్లకు వేరు పెట్టెలు పెట్టారు, 1910లో ఓటుకూ అడ్డుపడ్డారు. ఆ 1910-11లోనే హెన్రీ స్నీడ్ అనే పాస్టర్ వెంట కొన్ని కుటుంబాలు ఉత్తరానికి కదిలాయి. 1931 దాకా ఊరి పేరు పైన్ క్రీక్.

ఈ ఊరి గురించి రాసేవాళ్లు వలస దగ్గరే ఆగిపోతుంటారు. అసలు కష్టం నేలతో. అప్పట్లో పది డాలర్లు కడితే ప్రభుత్వం 160 ఎకరాలు రాసిచ్చేది. పట్టా చేతికి రావాలంటే మూడేళ్లు, ఏడాదికి ఆరు నెలలు అక్కడే కాపురముండాలి, ఇల్లు కట్టాలి, 30 ఎకరాలు సాగులోకి తేవాలి అన్నది షరతు. దక్షిణాన గడ్డిభూముల్లో నాగలి పెట్టి దున్నుకుంటూ పోవచ్చు. ఇక్కడ అప్పుడంతా అడవే. స్ప్రూస్, పాప్లర్ చెట్లు గొడ్డలితో కొట్టి, మంచి దుంగలు ఇంటికి ఉంచుకుని, కొమ్మారెమ్మా కాల్చేయాలి. ఆపైన మొద్దు చుట్టూ తవ్వి, పక్క వేళ్లు నరికి, గొలుసు కట్టి గుర్రాలతోనో ఎడ్లతోనో లాగించాలి. లోపల లావుపాటి వేరు మిగిలితే నాగలి కర్రు దానికి తగిలి విరుగుతుంది. పాప్లర్‌తో ఇంకో చిక్కు: నేలలో ఉండిపోయిన వేళ్ల నుంచి పిలకలు లేస్తాయి, మళ్లీ మళ్లీ దున్నక తప్పదు. పల్లపు భూముల్లో మస్కెగ్ ఉంటుంది, అంటే నీళ్లు పీల్చుకున్న నాచు మేట. ఆ నాచు ఎండ తగలనీయదు, అందుకే వేసవి వచ్చినా అడుగున నేల చాన్నాళ్లు గడ్డకట్టే ఉంటుంది. కాలువ తీసి నీరు పోగొడితేగానీ విత్తడం కుదరదు.

గింజ గట్టిపడకముందే మంచు కురిస్తే గోధుమ పోయినట్టే. ఓట్స్ అయితే పచ్చిగానే కోసి పశువులకు వేయవచ్చు, బార్లీ త్వరగా చేతికొస్తుంది. డబ్బు కోసం మగవాళ్లు కూలికి వెళితే ఆడవాళ్లే పొలం, పశువులు చూసుకునేవారు.

ఇంత చాకిరీ జరుగుతుండగానే, 1911 ఆగస్టులో ప్రధాని లోరియే ప్రభుత్వం నల్లజాతివాళ్లు కెనడా వాతావరణానికి పనికిరారంటూ వాళ్ల వలసను ఏడాదిపాటు ఆపే ఉత్తర్వు ఆమోదించింది. అది అమల్లోకి రాకుండానే అక్టోబరులో రద్దయింది. అదే శీతల దేశంలో అడవి కొట్టి సాగు చేస్తున్నవాళ్ల గురించి అన్న మాట అది! అబద్ధమని తేల్చడానికి అంబర్ వ్యాలీ పొలాలే చాలు.

అడవి కొట్టినచోట మట్టి బూడిదరంగులో ఉంటుంది, సత్తువ తక్కువ. వరుసగా ధాన్యమే వేస్తే దిగుబడి పడిపోతుంది. ఇలాంటి నేలలపైనే, మరో నల్లజాతి పల్లె కీస్టోన్ ఉన్న బ్రెటన్ ప్రాంతంలో, అల్బర్టా విశ్వవిద్యాలయం 1930 ప్రాంతంలో ప్రయోగ మడులు వేసింది. నత్రజనితోపాటు గంధకమూ తక్కువేనని, ధాన్యం తర్వాత క్లోవర్, అల్ఫాల్ఫా లాంటి పశుగ్రాసపు పైర్లు మార్చి వేస్తే నేల కోలుకుంటుందని అక్కడ తేలింది. మొదట వచ్చినవాళ్లకు ఇది చెప్పేవాళ్లు లేరు.

ఊరు నిండుగా ఉన్న రోజుల్లో జనం సుమారు 300. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పిల్లలు ఎడ్మంటన్ నగరం బాట పట్టారు. అలాంటి నేలలో 160 ఎకరాల మీద ట్రాక్టర్ ఖర్చు గిట్టుబాటు కావడం కష్టం.