బరంపురం పెద్ద బజారులో పట్టు జోడు బేరం

ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు ఇచ్ఛాపురం మద్రాసు వైపు ఉండిపోయింది, బరంపురం అటు వెళ్లిపోయింది. అంతకుముందు రెండూ ఒకే గంజాం జిల్లా. సరిహద్దు గీసినా బేరాలు ఆగలేదు. మా సోంపేట వైపు నుంచి పెళ్లి బట్టలకు ఇప్పటికీ బస్సెక్కి అక్కడికే వెళ్లేవాళ్లున్నారు. నేనూ ఆ పని మీదే వెళ్లాను, నాన్నకు పట్టు జోడు కొనడానికి.

పెద్ద బజారు సందుల్లో ఆటో దూరదు. దిగి నడవాల్సిందే. ఒక బైకు ఆగిందంటే వెనక హారన్లే హారన్లు. కింద కొట్లు, మేడ మీద కాపురాలు. అద్దాల తలుపులు, ఏసీలు పెట్టుకున్న కొత్త షోరూముల మధ్య పాత కొట్టొకటి కనబడింది. చెప్పులు విప్పి పరుపు మీద కూర్చున్నాను.

కొట్టాయన ముసలాయన, దేవాంగుల ఇంటివారు. ఒడియా ఆవిడతో చీర బేరం చేస్తూనే నా వైపు తిరిగి, "జోడా బాబూ? కూర్చో, చూపిస్తాను" అన్నారు. పంచె, కండువా కలిపి జోడు. మడత విప్పి అంచు నా చేతిలో పెట్టారు. అంచు పొడుగునా మెట్లుమెట్లుగా పైకి లేచిన గోపురాల వరస. దాన్నే కుంభం అంటారు. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు తెచ్చింది ఈ నేతే.

ఈ ప్రాంతాన్నేలిన మహురి రాజులు తెలుగునాటి నుంచి నేతగాళ్లను రప్పించి ఇక్కడ నిలిపారని చెబుతారు. ఆ సరుకుకు పక్కనే గోపాల్‌పూర్ రేవు ఉండేది. రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లే కూలీలు, ఓడలు, డబ్బు అన్నీ ఆ దారినే. 1942లో జపాన్ బర్మాను పట్టుకున్నాక ఆ రాకపోకలు పోయాయి.

బజారు మళ్లీ కోలుకుందని ఊళ్లో అందరూ అంటారు. కొట్ల వరకు నేనూ ఒప్పుకుంటాను. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తే ఇక్కడ కాలు పెట్టే చోటుండదు. ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి గుడి నుంచి పుట్టింటికొస్తుంది. పుట్టిల్లంటే నేతగాళ్ల పెద్ద దేశి బెహరా వీధే. దాదాపు నెల రోజులు ఊరంతా పులి వేషాలు, దేవుళ్ల వేషాలు, మొక్కుబళ్లు. కొట్లవాళ్లకు అదే పెద్ద సీజను.

మగ్గాల సంగతి అడిగితే మాత్రం ముసలాయన నవ్వేశారు. "ఈ వీధిలో పొద్దున్న లేస్తే మగ్గం చప్పుడే బాబూ, ఇప్పుడు వెతుక్కోవాలి." ఆయన కొట్లోనే సగం బీరువాలు సూరత్ మరమగ్గాల చీరలు. జోడు నెయ్యడానికి రోజులు పడుతుంది, సూరత్ చీర పది నిమిషాల్లో అమ్ముడుపోతుంది. ఆయన్ని తప్పుపట్టలేం. కానీ బజారు పేరు నిలిపింది మగ్గం, దాని మీద వచ్చే లాభం షోరూముకి. నాకది మింగుడుపడలేదు.

ధర విని, "తాతగారూ, కాస్త చూసి చెప్పండి" అన్నాను. "చూసే చెప్పాను" అన్నారు. రూపాయి తగ్గలేదు. కొన్నాను. బయట అప్పడాల కొట్టు దగ్గర మాత్రం గట్టిగా గీచి బేరమాడి, గుప్పెడు వడియాలు కొసరు వేయించుకున్నాను.