విధులకు ఆటంకం కలిగించారన్న అభియోగం

'పోలీసుల విధులకు ఆటంకం కలిగించిన యువకుడిపై కేసు' అన్న వార్త శ్రీకాకుళం జిల్లా పేజీలో కనిపించినప్పుడల్లా, ఆ యువకుడి ఒంటి మీద దెబ్బలున్నాయా అన్న సందేహమే నాకు ముందుగా కలుగుతుంది. దెబ్బలు తిన్నవాడు ఫిర్యాదు చేసేలోపే అతడిని ముద్దాయిని చేస్తే, ఆ తర్వాత అతడు ఏం చెప్పినా కేసు తప్పించుకోవడానికే చెబుతున్నాడని కొట్టిపారేయవచ్చు. ఇది మా జిల్లాకు కొత్త కాదు. సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న ఆందోళనపై 2010 జూలై 14న పోలీసులు జరిపిన కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కేసులు మోసింది ఊళ్లవాళ్లే.

మా పెద్దమ్మ మనవడి విషయంలోనూ ఇదే జరిగింది. హైవే మీద వాహనాల తనిఖీలో మాటామాటా పెరిగి, ఫోన్‌లో వీడియో తీయబోయాడని అతడిని కొట్టారు. తెల్లవారేసరికి అతడి మీదే భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద కేసు నమోదైంది. పాత శిక్షాస్మృతిలో ఇది 353. రెండేళ్ల వరకు జైలు, పైగా నాన్ బెయిలబుల్. అయితే ఈ సెక్షన్ నిలవాలంటే దౌర్జన్యమో, నేరపూరిత బలప్రయోగమో జరిగి ఉండాలి. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో వ్యాఖ్యలు రాసిన దంపతులపై ఇదే 353 పెడితే, మాణిక్ తనేజా కేసులో సుప్రీంకోర్టు 2015లో ఆ ఎఫ్‌ఐఆర్‌ను కొట్టివేసింది.

బలప్రయోగం లేని వట్టి ఆటంకానికి న్యాయ సంహితలోనే 221వ సెక్షన్ వేరే ఉంది. కానీ నేర విచారణ పద్ధతిని నిర్దేశించే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 215వ సెక్షన్ ప్రకారం, సంబంధిత అధికారి గానీ అతడి పై అధికారి గానీ లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు దాన్ని విచారణకు స్వీకరించాలి. 132కు ఆ నిబంధన వర్తించదు. చిన్న వాగ్వాదానికి కూడా పెద్ద సెక్షన్ తగిలించడానికి ఇదొక కారణమని నా నమ్మకం. 'సాంకేతిక కారణాలతో కేసు పోయింది' అని చులకనగా మాట్లాడేవారు, ఆ సాంకేతికతే సామాన్యుడికి మిగిలిన రక్షణ అని గుర్తించాలి.

మా వాడి ఎఫ్‌ఐఆర్‌లో ఘటన జరిగిన సమయం రాత్రి 9.30 అని ఉంది. ఏరియా ఆసుపత్రి ఓపీ చీటీ మీద డ్యూటీ డాక్టరు తన చేతిరాతతో వేసిన సమయం 8.50. అంటే కానిస్టేబుల్‌ను నెట్టేశాడంటున్న సమయానికి నలభై నిమిషాల ముందే అతడు ఆసుపత్రిలో వీపు మీద వాతలకు మందు రాయించుకుంటున్నాడు. వాదనలన్నిటికంటే ఆ చీటీయే మాకు బలం.

పోలీసులపై ఫిర్యాదుకు దారి లేకపోలేదు. స్టేషన్‌లో తీసుకోకపోతే సురక్షా సంహిత 173(4) కింద ఎస్పీకి రాయాలి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. విధి నిర్వహణలో చేసిన పనికి ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి కావాలని అదే సంహితలోని 218వ సెక్షన్ అంటుంది, కానీ కోరిన 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలని కొత్త చట్టం చెబుతోంది. ఇది చాలామందికి తెలియదు. స్టేషన్ సీసీ కెమెరాల దృశ్యాలను కనీసం ఏడాదిపాటు భద్రపరచాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి, వాటిని చెరపవద్దని ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా కోరాలి.

మేము ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపి, రసీదు దాచుకున్నాం. మేజిస్ట్రేటు ముందు వేయబోయే పిటిషన్‌కు ఆ రసీదు, ఓపీ చీటీ నకలు జతచేస్తున్నాం.