ఇంకా ఆపలేదా, ఇంకా లేదా

మంగళవారం, రాత్రి

పొద్దున అమ్మను డాక్టర్‌కు చూపించడానికి వెళ్లాం. మా ముందు ఒకావిడ, ఒళ్లో నెలల బిడ్డ, పక్కన ఇంకో ఇద్దరు పిల్లలు. వివరాలు రాసుకుంటున్నామె తలెత్తకుండానే, "మూడోదా? ఇంకా ఆపలేదా?" అంది, అందరికీ వినపడేలా. ఆవిడ బదులు చెప్పలేదు. బిడ్డ టోపీ సరిగ్గానే ఉన్నా దాన్నే సర్దుతూ కూర్చుంది.

మధ్యాహ్నం ఆఫీసులో, పెళ్లయి చాలా ఏళ్లయిన కొలీగ్‌ను ఎవరో అడిగారు, "ఇంకా విశేషమేమీ లేదా?" అని. తను నవ్వేసి ఫోన్‌లో తల దూర్చింది.

ఇద్దర్నీ నిలదీసింది ఒక్కదానికే, ఎంతమందిని కన్నారన్నదానికే. దేశాలు చేసిందీ ఇదే. జనం తగ్గుతున్నారని 1966లో రొమేనియా అబార్షన్‌ను నిషేధించింది. దొంగచాటుగా చేయించుకుని వేలమంది ఆడవాళ్లు చనిపోయారు. 1989 చివర్లో ఆ ప్రభుత్వం కూలేదాకా ఆ చట్టం పోలేదు. జనం ఎక్కువయ్యారని 1980లో చైనా ఒక్క బిడ్డతో ఆపమంది, రెండోసారి కడుపుతో ఉన్న ఎంతోమందికి బలవంతంగా తీయించేసింది. అదే చైనా 2021లో ముగ్గుర్ని కనొచ్చంది. లెక్క మారినప్పుడల్లా ఆడదాని ఒంటి మీద కొత్త రూలు.

అలాగని జనాభా అసలు సమస్యే కాదంటే నేను ఒప్పుకోను. 1974లో 400 కోట్లున్న మనుషులు 2022 నవంబరుకు 800 కోట్లయ్యారు. నీళ్లకీ నేలకీ బడులకీ ఆ బరువు నిజంగా తెలుస్తుంది. ఎవరు ఎంత వాడుకుంటున్నారన్నది కూడా చూడాలనుకోండి, పదిమంది పిల్లలున్న పేదింటి కంటే ఒక్క బిడ్డున్న సంపన్నుల ఇల్లే భూమికి ఎక్కువ బరువు కావచ్చు.

కానీ 1950లో ప్రపంచంలో సగటున ఒక్కో స్త్రీకి ఐదుగురు పిల్లలుంటే, ఇప్పుడు రెండు పైచిలుకే. ఈ తగ్గుదల చాలా దేశాల్లో ఏ బలవంతమూ లేకుండానే వచ్చింది. ఆడపిల్లలు చదువుకున్నారు, పుట్టిన పిల్లలు బతుకుతున్నారు, గర్భనిరోధక సాధనాలు చేతికందాయి. ఎంతమందిని కనాలో, ఎప్పుడు కనాలో తేల్చుకునే హక్కు కనేవాళ్లదేనని 1994లో కైరోలో జరిగిన ఐక్యరాజ్యసమితి జనాభా సదస్సులో 179 దేశాలు ఒప్పుకున్నాయి కూడా.

ఇప్పుడు గాలి ఇంకా కనమనే వైపు తిరుగుతోంది. దక్షిణ కొరియాలో 2023 నాటికి ఆ సగటు 0.72కి పడిపోయింది. కనండి, డబ్బిస్తాం అంటున్నారు. ఇవ్వనీ, పిల్లల్ని పెంచడానికి సాయం మంచిదే. డబ్బుకు కూడా లొంగకపోతే ఆ తర్వాత ఏం చేస్తారోనన్నదే నా టెన్షన్.