హేవ్‌లాక్‌లో రాత్రి డైవ్: రెండు లైట్లు, ఒక కెమెరా

నీటి అడుగున ఫొటోలకు వాడే వీడియో లైట్ల పని హైదరాబాద్ విమానాశ్రయంలోనే మొదలవుతుంది. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ సామాన్లలో పెట్టనివ్వరు. లైట్లలోంచి తీసి, ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ డబ్బాలో వేసి చేతిసంచిలో పెట్టుకున్నాను. ఈ లైట్లలో వాడే 21700 సైజు సెల్ ఒక్కోటి 18 వాట్-అవర్లే కాబట్టి విమానంలో అనుమతించే పరిమితికి చాలా లోపలే ఉంటుంది.

అండమాన్‌లోని హేవ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్) దీవిలో మొదటి డైవ్ పగలు, 12 మీటర్ల లోతులో. ఐదారు మీటర్లు దాటేసరికే నీళ్లు ఎరుపును దాదాపుగా మింగేస్తాయి. బూడిదరంగులో కనిపించిన స్పాంజి మీద లైటు పడగానే కుంకుమరంగు బయటపడింది. లైటు మూరెడు వెనక్కి జరిపితే మళ్లీ చప్పబడింది. వెలుగు వెళ్లాలి, తిరిగి కెమెరాకు రావాలి. మీటరు దూరంలోని చేపకు లెక్క రెండు మీటర్లు. అందుకే ల్యూమెన్లు, అంటే లైటు వెలుగు, పెంచడం కన్నా దగ్గరికి వెళ్లడమే మేలు.

సూర్యాస్తమయం తర్వాత నీమో రీఫ్. తీరం నుంచి నడిచి దిగే చోటు, అడుగంతా ఇసుక. ముందువాళ్ల ఫిన్లు (ఈతకు కాళ్లకు తొడిగే రెక్కలు) లేపిన ఇసుక ఇంకా దిగలేదు. కెమెరా బిగించిన ట్రే మీద రెండు లైట్లూ లెన్స్ పక్కనే, నేరుగా ముందుకు చూస్తున్నాయి. మొదటి ముప్పై ఫొటోల్లో చేప లేదు, మంచు కురుస్తోంది. పొగమంచులో బండి హైబీమ్ వేస్తే రోడ్డు పోయి తెల్లగోడ కనిపిస్తుంది చూడండి, అదే ఇది. లెన్స్‌కూ చేపకూ మధ్యనున్న నలుసులన్నీ వెలిగిపోతాయి.

లైట్లను పట్టుకునే ఆర్మ్‌లు (కడ్డీలు) చాపి, వాటిని చెరో పక్కకు మూరెడు దూరం జరిపాను. పోర్ట్ (కెమెరా పెట్టెకు లెన్స్ ముందుండే అద్దం) కంటే కాస్త వెనక్కి ఉంచి, మొహాలు బయటికి తిప్పాను. చేప మీద వెలుగు నడిబొడ్డు కాదు, అంచు పడాలి. మధ్యలో నీళ్లు చీకటిగా ఉండిపోతాయి, నలుసులు కనిపించవు. 2,500 ల్యూమెన్ల లైట్లు రెండు, అడుగు దూరం: కెమెరా సెట్టింగుల్లో ఎఫ్/8, 1/125, ఐఎస్ఓ 400 సరిపోయింది. ఫ్లాష్‌లా ఇవి కదలికను ఆపలేవు. షట్టర్ వేగం ఇంతకంటే తగ్గిస్తే రొయ్య మీసాలు చెదిరిపోతాయి.

రొయ్యలకు ముందు ఎర్ర లైటే వెయ్యాలి. తెల్లది పడితే బొరియలోకి పోతాయి. ఎరుపులో ఫోకస్ కుదుర్చుకుని తెల్లది నొక్కి, రెండు మూడు ఫొటోలు తీసి ఆపేశాను. ఎక్కువసేపు వెలిగిస్తే ఇంకో తంటా: దీపం చుట్టూ పురుగుల్లా సన్నని సముద్రపు పురుగులు లెన్స్ ముందు మూగుతాయి. లైటు పక్కకు తిప్పి అర నిమిషం ఆగితే చెదిరిపోతాయి. ఈ లైట్లు కాక, దారి చూసుకోవడానికో టార్చీ, అది ఆరిపోతే ఇంకో చిన్న టార్చీ తప్పనిసరి. పూర్తి వెలుగులో వీడియో లైట్లు డైవ్ ముగిసేదాకా నిలుస్తాయన్న నమ్మకం లేదు.

పైకి వచ్చాక లైట్లు వెంటనే ఆపాలి. గాలిలో వేడెక్కిపోతాయి. మూత తీయకుండానే మంచినీళ్ల బకెట్లో అరగంట నానబెట్టి, తుడిచి, మూత కిందికి ఉండేలా పట్టుకుని తెరిచాను. అలా పట్టుకుంటే అంచున మిగిలిన చుక్క బ్యాటరీ గదిలోకి కాక నేల మీద పడుతుంది. మూతలోంచి నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు వలయం, ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లకు దారే. వేలితో చుట్టూ తడిమి, గ్రీజు మెరుపు మాత్రం కనిపించేలా రాశాను. ముద్దగా రాస్తే ఇసుక అంటుకుంటుంది.