ఉదయసముద్రం కట్ట మీద పక్షులు, నాట్యం: అనుమతి కోసం నేను పడ్డ పాట్లు

నల్లగొండలో మా కాలనీ పిల్లలకు కూచిపూడి నేర్పే నేను, పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద తెల్లవారుజామున పక్షులను చూసి, వాటి నడకలను అక్కడికక్కడే అడుగులుగా కట్టే కార్యక్రమాన్ని మొన్న ఆదివారం జరిపించాను. పిల్లలను, తల్లులను కూడగట్టడం కష్టం కాలేదు. నాకు తెలిసిన జువాలజీ అధ్యాపకులు బైనాక్యులర్లు ఇచ్చారు.

ప్రాణం విసిగింది అనుమతి దగ్గరే. ఒక కార్యాలయంలో దరఖాస్తు ఇస్తే, అక్కడి ఉద్యోగి చదివి, "ఇది పక్షుల ప్రోగ్రామా, డాన్స్ ప్రోగ్రామా? ఏదో ఒకటి రాసుకొని రండి మేడం" అన్నారు. డాన్స్ అని రాస్తే మైకు పర్మిషన్ తెమ్మన్నారు. పక్షులని రాస్తే మరో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడివారు డాన్స్ మా పరిధి కాదని మళ్లీ మొదటి చోటికే పంపారు. అక్కడి పై అధికారి నలుగురు కూర్చున్న గదిలో, "కొంగ ఎట్లా ఆడుతదో ఇక్కడ ఒకసారి ఆడి చూపెట్టండి, చూసి సంతకం పెడతా" అంటే గదంతా నవ్వింది. నా వెంట వచ్చిన విద్యార్థిని తల వంచుకొంది. నేను ఆడలేదు, ఎదురు మాట్లాడలేదు. "మైకు, గజ్జెలు ఉండవు" అని దరఖాస్తులో ఒక వాక్యం చేర్చి, దరఖాస్తులు తీసుకొనే ఇన్‌వార్డు విభాగంలో ఇచ్చి, నా కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకొన్నాను. ఆ ముద్ర పడ్డాకే ఫైలు కదిలింది.

అందుకే చెబుతున్నాను, ఎవరినీ నోటిమాటగా అడగవద్దు. కాదంటే కాగితం మీద కాదనమనండి. ఫైలు ఎక్కడ ఆగిందో సమాచార హక్కు చట్టం, 2005 కింద అడిగితే 30 రోజుల్లో చెప్పవలసిందే. లౌడ్ స్పీకరుకు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల కింద రాతపూర్వక అనుమతి కావాలి కనుక దాని జోలికే పోవద్దు, పక్షులకూ అదే మేలు.

ఆ అధికారి ఎగతాళిగా అడిగిన ప్రశ్నకు మన పాత నాట్యగ్రంథం అభినయదర్పణం ఎన్నడో బదులిచ్చింది. నెమలిని చూపే మయూర హస్తం, చిలుక ముక్కును చూపే శుకతుండ హస్తం అనే చేతి ముద్రలు, హంస నడక అయిన హంసీ గతి, నెమలి నడక అయిన మయూరీ గతి పక్షిని గంటల తరబడి చూసిన కళ్లకు తప్ప పుట్టవు. ఆ ఉదయం మా పిల్లలూ అట్లాగే చూశారు. నల్లని కాళ్లు, పసుపు పచ్చని వేళ్లున్న చిన్న తెల్లకొంగ ఒకటి లోతులేని నీటిలో నిలబడి, ఒక పాదాన్ని బురదలో వణికిస్తూ, బెదిరి పైకి లేచిన చిరుచేపను ముక్కుతో అందుకొంది. మడమ కదలకుండా వేళ్లు మాత్రమే వణికించడం ఎంత కష్టమో సాధన చేసినవారికే తెలుస్తుంది. మా పిల్లలు పట్టుబట్టి నేర్చుకొన్నారు, అది చూసి నేను గర్వపడ్డాను. మట్టిరంగులో ముడుచుకొని కూర్చున్న గుడ్డికొంగ లేచేసరికి తెల్లని రెక్కలు విప్పడం చూసి, ఒక తల్లి తన గోధుమరంగు చున్నీ లోపల తెల్లగుడ్డ కుట్టి ఇస్తానంది. రోజూ కట్ట మీద వాకింగ్ చేసేవారు ఆగి పక్షుల పేర్లు అడిగారు.

వలసపక్షులు దిగే చలికాలంలో మళ్లీ పెడతాం. ముద్ర పడ్డ పాత కాపీని జతచేసి, ఈసారి దరఖాస్తు నెల ముందే ఇస్తాను. పక్షులు, నాట్యం రెండూ ఒకే వాక్యంలో రాస్తాను.