షిరాజ్, నాటుకోడి పులుసు: ఈ ఆదివారం కూడా కుదరలేదు

ఈసారీ పులుసుదే పైచేయి. మూడో ముద్దకే నోరు భగ్గుమంది. మొదటి రెండు గుటకల్లో నల్లద్రాక్ష, నేరేడు రుచి చక్కగా తెలిసిన షిరాజ్ (ఒక రకం రెడ్ వైన్), ఆ తర్వాత ఒట్టి చేదు, వగరు, మంటగా మారిపోయింది. గ్లాసులో సగం అలాగే ఉండిపోయింది. నాకు నిజంగా చిరాకేసింది.

అనంతపురంలో, ఇంటి వంటతో, వెయ్యి రూపాయలు దాటని సీసాతో రెడ్ వైన్‌ను మామూలు రోజుల్లో హాయిగా తాగాలి. నేను పెట్టుకున్న లక్ష్యం ఇదే. పొట్టేలు వేపుడు, కాబెర్నే అనే రెడ్ వైన్ కలిస్తే అద్భుతం. నెయ్యి వేసిన సంగటి, ఊరుబిండితో మెర్లో అనే మరో రెడ్ బాగా ఒదిగింది. మిగిలిన వైన్‌ను చిన్న సీసాలోకి మూతిదాకా నింపి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు బాగానే ఉంటోంది. ఒక్క నాటుకోడి పులుసు దగ్గరే అంతా ఆగిపోతోంది. మా ఇంట్లో ఆదివారం అంటే అదే కాబట్టి దాన్ని వదిలేసే ప్రసక్తి లేదు.

మొదట వంట సంగతి. కిలో కోడికి అమ్మ వేసే కారం తూకం వేస్తే 32 గ్రాములు వచ్చింది. అది తేజ రకం. దానికి తోడు ఎండుకొబ్బరి, గసగసాలు, ధనియాలు, లవంగాలు, చివర్లో నిమ్మకాయంత చింతపండు రసం. ఈసారి 12 గ్రాముల తేజ, 20 గ్రాముల బ్యాడగి కలిపి అమ్మచేత వేయించాను. బ్యాడగి మిరప రంగు బాగా ఇస్తుంది, ఘాటు మాత్రం తేజతో పోలిస్తే చాలా తక్కువ. మన కర్నూలు, అనంతపురం రైతులు చాలామంది పండించి హావేరి జిల్లా బ్యాడగి మార్కెట్‌కు తీసుకెళ్ళేది ఆ రకమే. పులుసు ఎర్రగా, చూడముచ్చటగా వచ్చింది. అన్నంతో తింటే ఎవరికీ కారం అనిపించలేదు. వైన్ గుటక పడగానే మాత్రం పాత కథే.

మా బామ్మర్ది గ్లాసు పక్కన పెట్టేసి, "ఏంది బావా, తాగితే కారం తగ్గాల గదా, ఇంకా ఎక్కువయితాంది" అన్నాడు. వాడి మాట అక్షరాలా నిజం. ఫోన్‌లో టైమర్ పెట్టి చూశాను. ఒక ముద్ద తిని నీళ్ళు తాగితే మంట దిగడానికి దాదాపు 4 నిమిషాలు పట్టింది. అదే ముద్ద తర్వాత 34 డిగ్రీల షిరాజ్ తాగితే 9 నిమిషాలు దాటింది.

దీనికి కారణం దొరికింది. వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మన నోట్లో ఉంటుంది. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర స్పందిస్తుంది. మిరపలోని క్యాప్సైసిన్ తట్టి లేపేది దాన్నే. ఆల్కహాల్ ఈ హద్దును సుమారు 34 డిగ్రీలకు దించేస్తుందని 2002లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. మన ఒంటి వేడే 37. కారం తిన్న నోట్లో 14 శాతం ఆల్కహాల్ పోస్తే జరిగేది ఇదేనని నా నమ్మకం.

అయితే చల్లగా తాగితే సరిపోతుంది కదా? అదీ చూశాను. మే నెలలో మా హాల్లో సీసా 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే గంటకు 25, రెండు గంటలకు 19, మూడు గంటలకు 15కి దిగింది. ఐసు, నీళ్ళు కలిపిన బకెట్‌లో అయితే పావుగంటలో 16. అందుకే ఇప్పుడు ఫ్రిజ్ కోసం ఆగడం మానేశాను. గ్లాసులో పోశాక మాత్రం పది నిమిషాల్లోనే నాలుగైదు డిగ్రీలు ఎక్కేస్తోంది. కాబట్టి ఒక్కసారికి 60 ఎంఎల్‌కు మించి పోయడం లేదు.

22 డిగ్రీల దగ్గర ఆల్కహాల్ మంట స్పష్టంగా ఉంది. 18 దగ్గర కాస్త నయం. 14కి దించితే మంట బాగా తగ్గింది, కానీ వగరు విరుచుకుపడింది. రెడ్ వైన్‌ను చల్లబరిచేకొద్దీ దానికి వగరునిచ్చే టానిన్ అనే పదార్థం మొరటుగా తెలుస్తుంది. అది లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నోటిని ఎండగడుతుంది. అప్పటికే కారంతో మండుతున్న నాలుక మీద ఆ వగరును భరించలేం. వేడిగా తాగితే ఆల్కహాల్ కాలుస్తుంది, చల్లగా తాగితే టానిన్ గీరుతుంది. ఈ రెండింటి మధ్య 16 డిగ్రీల దగ్గర సన్నటి సందు ఉందనుకుంటున్నాను గానీ అక్కడా షిరాజ్ పూర్తిగా ఒదగలేదు.

చింతపండు మీద కూడా నాకు అనుమానం ఉంది. తిండిలో పులుపు వైన్‌లోని పులుపును మించితే వైన్ చప్పబడిపోతుంది. అందుకని ఒక గిన్నెలోకి కొంత పులుసు చింతపండు పడకముందే తీసిపెట్టి, దానితో తాగి చూశాను. పండు రుచి కొంచెం తిరిగొచ్చింది, మంటలో తేడా లేదు. అంటే చప్పదనానికి చింతపండు కారణం, మంటకు కాదు. రెండు సమస్యలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయన్నమాట.

కొంత ఊరటనిచ్చింది నెయ్యి. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, రెండు స్పూన్లు పోసి, పులుసులో అద్ది తిన్నాక షిరాజ్ తాగితే మంట 6 నిమిషాలకు దిగింది. క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది కాబట్టి ఇది అర్థమయ్యే విషయమే. మధ్యలో పెరుగు తింటే మంట ఇంకా త్వరగా పోతుంది, దాంతో వైన్ రుచి కూడా పోతుంది. పెరుగు జోలికి మళ్ళీ వెళ్ళను.

సీసాల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ బడ్జెట్‌లో మన దేశపు వైనే కొనాలి. దిగుమతి వైన్ మీద చాలాకాలం 150 శాతం కస్టమ్స్ సుంకం ఉండేది. ఆస్ట్రేలియా నుంచి వచ్చే ఖరీదైన రకాలకు 2022 డిసెంబరు నుంచి కొంత తగ్గింది. వెయ్యి పెట్టి విదేశీ సీసా కొంటే అందులో చాలా భాగం పన్నులకే పోతుంది. అదే డబ్బుకు నాసిక్ సూలా వాళ్ళ షిరాజ్ కాబెర్నే, అక్లూజ్ ఫ్రాటెల్లి వాళ్ళ సాంజియోవేసే అనే రెడ్ ఎంతో మేలు. కార్క్ ఉంటేనే గొప్ప అనే మాట నేను ఒప్పుకోను. రోజువారీ సీసాకు తిప్పి తీసే మూతే మంచిది. తీపి పోర్ట్ వైన్ కారాన్ని బాగా అణుస్తుంది, అది నిజం. కానీ పులుసు పక్కన పాకం తాగినట్టు ఉంటుంది, నాకు వద్దు.

వచ్చే ప్రయత్నం సాంజియోవేసేతో. దానిలో సహజంగా పులుపు ఎక్కువ, చింతపండుకు ఎదురు నిలుస్తుందని ఆశ. 15, 16, 17 డిగ్రీల దగ్గర మూడు చిన్న గ్లాసులు పోసి పక్కపక్కన పెట్టి చూస్తాను. ఆల్కహాల్ 12.5 శాతం దాటని రెడ్ దొరికితే దాన్నీ కలుపుతాను. ఇకమీదట షాపులో ధర కంటే ముందు లేబుల్ మీద శాతమే చూస్తాను.

షిరాజ్‌ను మాత్రం వదలను. దానిలో ఉండే మిరియాల ఘాటు వాసనకు కారణం రోటండోన్ అనే పదార్థమని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. నల్ల మిరియాల్లోనూ ఉండేది అదే. కాబట్టి ఎండుమిరప పూర్తిగా మానేసి, మిరియాలు దంచి వేసిన కోడి వేపుడు చేయమని అమ్మను అడిగాను. ఒప్పుకుంది, పులుసు పక్కన ఉండాల్సిందే అనే షరతు మీద. దసరా సెలవుల్లో హిందూపురం మీదుగా దొడ్డబళ్ళాపురం వెళ్ళి, గ్రోవర్ జంపా అనే వైన్ కంపెనీ తోటలు చూసి, వాళ్ళ రెడ్‌లను అక్కడే రుచి చూసి రావాలని కూడా ఉంది. థర్మామీటర్ వెంట తీసుకెళ్తాను.