టేబుల్ సా నా పలకను ఎందుకు విసిరికొట్టింది

పుస్తకాల అర స్వయంగా చేసుకోవాలన్న కోరికతో ఇంటి పనిగదిలోకి టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరిగే కరెంటు రంపం, తెచ్చుకున్నాను. అంతకుముందు నాకు చేతి రంపం, ఉలి, చిత్రిక మాత్రమే అలవాటు. మొదటి వారంలోనే, జానెడు వెడల్పున్న చెక్క పలకను నిలువునా చీలుస్తుండగా, ఇంకా బెత్తెడు మిగిలిందనగా, అది ఒక్కసారిగా పైకి లేచి నా కుడి నడుము పక్కనుంచి దూసుకుపోయి వెనుక గోడకు కొట్టుకుంది. సున్నం పెచ్చు ఊడి రాలింది. నాకు దెబ్బ తగలకపోవడానికి కారణం నేను కాస్త ఎడమకు జరిగి నిలబడడమే. అలా నిలబడింది కూడా కుడివైపు చోటు ఇరుకై గానీ, తెలిసి కాదు.

స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేసి, చేతుల వణుకు తగ్గాక ఆ పలకను వెలుతురులో తిప్పి చూశాను. అడుగువైపున విల్లులా వంగిన గీత ఒకటి, ఒక్కో పన్ను తాకిన గుర్తుతో సహా, లోతుగా పడి ఉంది. జరిగినదంతా ఆ గీతలోనే ఉందని తరువాత తెలిసింది. బ్లేడు ముందువైపు పళ్లు చెక్కను బల్లకు అదుముతూ కిందికి కోస్తాయి. వెనుకవైపు పళ్లు పైకి లేస్తూ మనవైపు వస్తాయి. కోసిన సందు మూసుకుపోయి బ్లేడును బిగించినా, పలక తాను ఆనుకుని సాగే పక్క కమ్మీ అయిన ఫెన్స్‌ను వదిలి పక్కకు జరిగినా, ఆ వెనుక పళ్లు పలకను ఎత్తి మన మీదికి విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే దాని పళ్ల వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. అంత వేగంలో చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

నా విషయంలో రెండు తప్పులు ఒకచోట చేరాయి. అంతకు రెండు రోజుల ముందు ఒక గాడి కోయడానికి బ్లేడు మీది రక్షణ తొడుగుతో పాటు దాని వెనుక నిలిచే రివింగ్ నైఫ్‌ను కూడా తీసి, తిరిగి బిగించలేదు. ఆ ఉక్కు రేకు కోసిన సందులో నిలబడి అది మూసుకుపోకుండా కాపాడుతుంది. అందుకే దాని మందం బ్లేడు రేకు కంటే ఎక్కువ, పళ్లు కోసే సందు కంటే తక్కువ ఉండాలి. పలుచని బ్లేడు మార్చినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ చూసుకోవాలి. బ్లేడుకూ దానికీ మధ్య ఎడం 3 నుంచి 8 మిల్లీమీటర్ల లోపు ఉంచుతున్నాను.

రెండో తప్పు ఫెన్స్‌ది. బ్లేడు మీద ఒక పన్నుకు రంగు గుర్తు పెట్టి, ప్లగ్గు పీకి ఉండగానే, దాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పుతూ ఫెన్స్ దూరం కొలిస్తే, వెనుక వైపు మిల్లీమీటరుకు పైగా తక్కువ వచ్చింది. అంటే పలక ముందుకు సాగేకొద్దీ నేనే దాన్ని బ్లేడుకేసి నొక్కుతున్నాను. ముందు బ్లేడును బల్లలోని గాడికి సమాంతరంగా, తరువాత ఫెన్స్‌ను అదే గాడికి సమాంతరంగా సరిచేయడానికి ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది. యంత్రం కొన్న రోజునే చేయవలసిన పని అది.

అప్పటినుంచి పని తీరు మార్చుకున్నాను. పళ్ల మధ్య గుంటలు చెక్క పైకి కాస్త కనిపించేంత వరకే బ్లేడును లేపుతాను. అడ్డకోతకు బల్లలోని గాడిలో జరుగుతూ చెక్కను నెట్టే మైటర్ గేజ్, నిలువు చీలికకు ఫెన్స్; రెండింటినీ ఒకే కోతకు వాడను, ఎందుకంటే తెగిన ముక్క ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్య ఇరుక్కుంటుంది. సన్నని ముక్కలను వెనుక మడమ ఉన్న వెడల్పాటి నెట్టుడు చెక్కతో, కిందికి అదుముతూ సాగిస్తాను.

చేతి తొడుగుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసుతో చాలామంది వాటిని వేసుకోమంటారు. తిరిగే బ్లేడు దగ్గర తొడుగు పోగు ఒక్కటి పన్నుకు చిక్కితే చెయ్యంతా లోపలికి పోతుంది. వదులు చొక్కా చేతులు, ఉంగరాలు కూడా అంతే.

చెవులకూ ముక్కుకూ జరిగే నష్టం వెంటనే తెలియదు కాబట్టి వాటిని నేను మొదట్లో పట్టించుకోలేదు. రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెల్స్ హద్దుగా పెట్టుకుని, ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుందని లెక్క వేస్తే, 100 డెసిబెల్స్ శబ్దాన్ని చెవులు భరించగలిగేది పావుగంటే. చెక్క పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. అందుకే చెవి మూతలు, ముఖానికి అంటుకునే మాస్కు, కళ్లద్దాలు పెట్టుకున్నాకే స్విచ్ ముట్టుకుంటాను. పొట్టును చీపురుతో లేపకుండా వాక్యూమ్‌తో తీస్తాను. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం దానంతట అది తిరగకుండా ఆపే స్విచ్ కూడా బిగించుకున్నాను.

అన్నీ సరిచేశాక, అదే పలకలో మిగిలిన భాగాన్ని మళ్లీ చీల్చాను. సగం దాటేసరికి నెట్టడం బరువైంది. స్విచ్ ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచేదాకా పలకను కదలనివ్వకుండా పట్టుకుని, వంగి చూశాను. వెనుక సందు రెండు వైపులా మూసుకువచ్చి రివింగ్ నైఫ్‌ను గట్టిగా పట్టేసి ఉంది. ఆ చెక్క ఆరేటప్పుడే లోపల బిగువు పట్టిందన్నమాట; ముందే చూసుకోవలసింది. పలకను మెల్లగా వెనక్కి లాగి, మిగిలిన కోతను చేతి రంపంతో ముగించి, పుస్తకాల అరకు వేరే పలక ఎంచుకున్నాను.